యుద్ధకాలపు తూర్పు లండనులో శిశుమరణములు : మరణకారణముల నామకరణము

1. ఉపోద్ఘాతము

మరణమునకు సంబంధించిన లెక్కలో రెండు అంశములు కలవు. మొదటిది సంఖ్య, రెండవది పేరు. ఎందఱు మరణించిరనునది సంఖ్య. ఏ కారణమున మరణించిరనునది పేరు. సంఖ్యను గణకుడు కూర్చును. పేరును వైద్యుడో, గ్రామాధికారియో, కన్నతల్లియో పెట్టును. సంఖ్యను పరీక్షించుటలో పరిశోధకులు చూపు శ్రద్ధ పేరును పరీక్షించుటలో కానరాదు. పేరనగా మాట. మాటకు అర్థవ్యాప్తి కలదు, అర్థసంకోచము కలదు, అమంగళమును కప్పిపుచ్చు సభ్యోక్తి కలదు. ఇవి యన్నియు భాషాధ్యయనమునకు చెందిన విషయములే. కావున మరణకారణములను గూర్చిన ఈ వ్యాసము తెలుగు శాఖా పత్రికలో చేరుట అసందర్భము కాదని మా విశ్వాసము.

ఇందులకు మేము గ్రహించిన ఉదాహరణము లండను మహానగరములోని తూర్పు భాగము. రెండు ప్రపంచయుద్ధములలోను బాంబులకు గురియైన పేదల నివాసస్థలమది. అచ్చటి జనన మరణముల లెక్కలు యుద్ధకాలమునను ఆగలేదు. అంతకంటె విశేషమేమనగా, మొత్తము దేశమును పరికించినచో, ఆ రెండు యుద్ధములలోను శిశుమరణములు పెరుగుటకు మాఱుగా తుదకు తగ్గినవి. పైకి వింతగా తోచు ఈ విషయమును వివరించుట, ఆ వివరణమునకు ఆధారమైన కారణముల పేర్లు ఎంతవఱకు నమ్మదగినవో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ప్రయోజనము.

2. ప్రదేశము

థేమ్సు నదికి ఉత్తరపు గట్టున, ప్రాచీన లండను నగరపు సరిహద్దునకు తూర్పున స్టెప్నీ, పాప్లర్, బెత్నల్ గ్రీన్ అను మూడు బరోలు 1900 నుండి 1965 వఱకు వేఱువేఱు పురపాలక విభాగములుగా ఉండెను. 1965లో ఈ మూడింటిని కలిపి టవర్ హామ్లెట్స్ అను ఒక్క బరోగా చేసిరి. ఓడరేవులు, గిడ్డంగులు, దుస్తులు కుట్టు చిన్నచిన్న కర్మశాలలు, కొయ్యసామాను చేయు దుకాణములు ఇచ్చటి ప్రజలకు జీవనాధారములు. రేవు కూలికి నిలుకడ లేదు. ఉదయమున రేవు ద్వారము వద్ద నిలిచిన వారిలో పిలుపు వచ్చినవానికి ఆనాటి కూలి దొరకును, రానివానికి పస్తు. ఐర్లండు నుండి వచ్చిన శ్రామికులు, తూర్పు ఐరోపా నుండి పాఱివచ్చిన యూదులు, ఆసియా దేశముల నావికులు ఈ వీధులలో నివసించిరి. ఛార్లెస్ బూత్ 19వ శతాబ్దము చివర లండను పేదరికమును వీధి వీధికి రంగులు వేసి పటములుగా గీయించినపుడు అతని దృష్టిని మొదట ఆకర్షించినది ఈ ప్రాంతమే.

1931లో స్టెప్నీ జనసంఖ్య సుమారు 2,25,000. 1951 నాటికి అది 98,600కు తగ్గెను. ఇరువది యేండ్లలో సగమునకు పైగా జనము తఱిగిపోవుట మృత్యువు వలన మాత్రమే జరిగినది కాదు. ఇండ్లు కూలుట, జనులు వలసపోవుట అందులకు ప్రధాన కారణములు. ఈ సంగతి మనము లెక్కలను చదువునపుడు ముఖ్యమగును.

3. లెక్క యొక్క స్వరూపము

ఇంగ్లండులో జనన మరణముల పౌర నమోదు 1837లో ఆరంభమయ్యెను. 1855 నాటి చట్టముననుసరించి లండనులోని ప్రతి విభాగమునకును ఒక ఆరోగ్య వైద్యాధికారి నియమింపబడెను. ఆ అధికారి ప్రతి సంవత్సరమును తన విభాగములోని జననములు, మరణములు, వాని కారణములు, ఇండ్ల స్థితి, పాల నాణ్యము మున్నగు వానిని గూర్చి నివేదిక వ్రాయవలెను. యుద్ధకాలమున కాగితము కొఱత వలన ఈ నివేదికలు క్లుప్తములయ్యెను కాని మానలేదు. నేటి పరిశోధకునకు ఇవి గొప్ప నిధులు.

శిశుమరణ ప్రమాణమనగా ఒక సంవత్సరమున సజీవముగా జన్మించిన ప్రతి వేయిమంది శిశువులకు, ఏడాది నిండక మునుపే మరణించిన వారి సంఖ్య. 2,000 జననములు, 120 మరణములు ఉన్నచో ప్రమాణము 60. ఇది సులభముగా కనిపించును. కాని యుద్ధకాలమున ఒక చిన్న విభాగమునకు ఈ లెక్క కట్టుట సులభము కాదు. 1939 సెప్టెంబరు ఆరంభమున మూడు దినములలో సుమారు 15 లక్షల మందిని ప్రభుత్వము ఇంగ్లండు, స్కాట్లండు మహానగరముల నుండి పల్లెలకు తరలించెను. వారిలో బడిపిల్లలు, పసిబిడ్డల తల్లులు, 12,000కు పైగా గర్భిణులు ఉండిరి. 1940 ఆరంభము నాటికి వారిలో పెక్కుమంది తిరిగివచ్చిరి; బాంబులు పడగానే మరల వెడలిరి. స్టెప్నీ స్త్రీ దూరపు పల్లెలోని ప్రసూతి గృహమున ప్రసవించినచో ఆ జననము ఏ యూరి లెక్కలో చేరవలెను? తల్లి స్థిరనివాసమును బట్టి చేర్చవలెనని నియమము. కాని ఇల్లే కూలిపోయినవారికి స్థిరనివాసమేది?

రెండవ చిక్కు సంఖ్య చిన్నదగుట. ఏటికి 400 జననములు మాత్రమే ఉన్నచోట ఇద్దఱు శిశువులు అధికముగా మరణించినచో ప్రమాణము 5 పెరుగును. ఒక్క కోరింత దగ్గు గాలి వీచినచో ఆ యేటి అంకె భయంకరముగా కనిపించును. మఱుసటి యేడు అకారణముగా తగ్గినట్లు తోచును. కావున ఒక బరో యొక్క ఒక్క సంవత్సరపు అంకెను పట్టుకొని సిద్ధాంతము చేయరాదు. దేశము యొక్క అంకెలను ప్రక్కన నిలిపి, అయిదాఱేండ్ల పోకడను చూడవలెను. ఈ వ్యాసమునను మేము అట్లే చేసితిమి.

4. యుద్ధమునకు ముందు : పేర్లు దాచినది యేమి?

20వ శతాబ్దారంభమున ఇంగ్లండు, వేల్సులలో శిశుమరణ ప్రమాణము 150 ప్రాంతమున ఉండెను. సంపన్నులు నివసించు హాంప్‌స్టెడ్ వంటి బరోలలో కంటె తూర్పు బరోలలో ఇది చాల అధికము. మరణపత్రములలో తఱచుగా కానవచ్చిన కారణములు నాలుగైదు విధములు. అతిసారము; శ్వాసకోశ వ్యాధులు; తట్టు, కోరింత దగ్గు; నెలలు నిండక పుట్టుట; దౌర్బల్యము లేదా కృశించుట. వీనికి తోడు మూర్ఛలు, పండ్లు వచ్చుట, నిద్రలో తల్లి ఒత్తిగిలుట అను కారణములును వ్రాయబడెడివి.

ఈ పేర్లను ఒక్కొక్కదానిని పరిశీలింతము. అతిసారము నిజమైన కారణమే. వేసవి తీవ్రమైన యేట అది విజృంభించెడిది. 1911 వేసవి మిక్కిలి ఎండగా ఉండుటచే దేశపు ప్రమాణము 130కి చేరెను. చల్లని వేసవి గల 1912లో 95కు దిగెను. గుఱ్ఱపు పేడపై పెరిగిన ఈగలు, మూత లేని పాలు, శుభ్రపఱచుటకు వీలులేని గొట్టపు పాలసీసాలు, తల్లి పాలు లేనిచోట వాడిన వెన్న తీసిన డబ్బా పాలు దీనికి మూలములు. ‘అతిసారము’ అను పేరు ఈ మూలములలో ఒక్కదానినైనను చెప్పదు.

‘మూర్ఛలు’ అనునది వ్యాధి కాదు, లక్షణము. జ్వరతీవ్రత వలనను, నిర్జలత్వము వలనను, మెదడువాపు వలనను బిడ్డకు మూర్ఛలు రావచ్చును. ‘పండ్లు వచ్చుట’ అనునది కారణమే కాదు. ఆ వయస్సున మరణించిన బిడ్డకు అప్పుడే పండ్లు వచ్చుచుండుట కాకతాళీయము. ‘ఒత్తిగిలుట’ అనుదానిలో తల్లిపై నేరారోపణము ఇమిడియున్నది. ఒక్క మంచముపై కుటుంబమంతయు పరుండు ఇరుకుటిండ్లలో అట్టి ప్రమాదములు జరిగియుండవచ్చును. కాని ఆ పేరుతో లెక్కింపబడిన వానిలో కొన్ని, నేడు ఆకస్మిక శిశుమరణముగా వైద్యులు గుర్తించు స్థితికి చెందినవని ఇప్పటి విద్వాంసుల యభిప్రాయము. ‘దౌర్బల్యము’ అన్నిటికంటె లోతుగా దాచు పేరు. బిడ్డ దుర్బలముగా నుండెను, కావున మరణించెను అని చెప్పుట కారణము చెప్పుట కాదు. మరణమును మరల వర్ణించుట మాత్రమే.

ఈ సమస్య క్రొత్తది కాదు. నమోదు ఆరంభమైన తొలి నివేదికలోనే గణకుడు విలియం ఫార్ 63 మరణములను ‘ఆకలి’ వలన సంభవించినవిగా చూపెను. వానిలో తల్లి పాలు దొరకక మరణించిన శిశువులును ఉండిరి. పేదల చట్టమును నిర్వహించు మండలికి కార్యదర్శియైన ఎడ్విన్ చాడ్విక్ దీనిని తీవ్రముగా ఆక్షేపించెను. ఇంగ్లండున ఎవరును ఆకలిచే మరణింపరనియు, మరణించినవారికి ఏదో యొక వ్యాధి ఉండియే తీరుననియు అతని వాదసారము. ఫార్ వాదము వేఱు. తిండి చాలనిచో దేహము క్షీణించి, చివరకు ఏదో యొక వ్యాధిచే అది కూలును. చివర వచ్చినదాని పేరు మాత్రమే వ్రాసినచో మొదటిది మాయమగును. ‘ఆకలి’ అని వ్రాసినచో ప్రభుత్వము బాధ్యత వహింపవలెను. ‘జ్వరము’ అని వ్రాసినచో బాధ్యత విధిది. ఒక్క మాట మార్పులో ఇంత యున్నది.

5. మొదటి ప్రపంచయుద్ధము

1914లో దేశపు శిశుమరణ ప్రమాణము 105. 1915లో అది 110కి పెరిగెను. ఆ యేడు తట్టు, శ్వాసకోశ వ్యాధులు తీవ్రముగా నుండెను. 1916 నుండి తట్టు వ్యాధిని తప్పక తెలియజేయవలెనని ప్రభుత్వము ఆజ్ఞాపించుట దీని ఫలితమే. 1916లో ప్రమాణము 91కి దిగెను. 1917లో 96, 1918లో 97, 1919లో 89.

తండ్రులు యుద్ధమున మరణించుచుండగా బిడ్డలు బ్రతుకుట ఎట్లు పెరిగెను? ఇందులకు మూడు కారణములను ప్రధానముగా చెప్పవచ్చును. మొదటిది ఆదాయము. సైనికుని భార్యకు ప్రభుత్వము వారము వారము భరణమిచ్చెను. బిడ్డల సంఖ్యను బట్టి అది పెరిగెడిది. ఏనాటి కూలి ఆనాటిదైన రేవు కుటుంబమునకు నిలుకడగల రాబడి చేతికి వచ్చుట అదియే మొదటిసారి. మిగిలినవారికి రేవులలోను, మందుగుండు కర్మాగారములలోను పని దొరకెను. రెండవది మద్యనియంత్రణము. 1915 నుండి పానశాలల వేళలను కుదించిరి. మద్యము బలమును తగ్గించిరి. ‘ఒత్తిగిలి’ మరణించినట్లు వ్రాయబడిన శిశువుల సంఖ్య యుద్ధము ముగియునాటికి సుమారు సగమయ్యెను. మూడవది శిశుసంరక్షణము. 1907 నాటి చట్టము జననమును వెంటనే తెలుపుటకు వీలు కల్పించెను. 1915లో అది దేశమంతటను విధింపబడెను. జననవార్త అందిన వెంటనే ఆరోగ్య సందర్శకురాలు ఆ యింటికి పోయి తల్లికి సలహా చెప్పెడిది. 1918లో ప్రసూతి శిశుసంక్షేమ చట్టము వచ్చెను.

జే వింటర్ అను చరిత్రకారుడు 1980-90 నడుమ వెలువరించిన గ్రంథమున, యుద్ధకాలపు ఆరోగ్యాభివృద్ధి యందు పేదవర్గములకే అధిక భాగము లభించెనని వాదించెను. లిండా బ్రైడర్ దీనికి ప్రతివాదము చేసెను. క్షయ మరణములు, ముఖ్యముగా యువతులలో, యుద్ధకాలమున పెరిగినవి కదా, పోషణము బాగుపడినచో క్షయ యేల పెరుగవలెనని ఆమె ప్రశ్న. ఈ వాదములు పరస్పర విరుద్ధములుగా తోచినను మా దృష్టిలో అట్లు కావు. ఇంటిలో ఆహారము శిశువునకు ముందు చేరియుండవచ్చును. ఇరుకు కర్మశాలలలో దీర్ఘకాలము పనిచేసిన యువతికి క్షయ సోకియుండవచ్చును. ఒకే యింటిలో ఒక ప్రాణము నిలుచుట, మఱొకటి సడలుట అసంభవము కాదు.

బాంబుల వలన మరణములు సంఖ్యలో తక్కువ, స్మృతిలో ఎక్కువ. 1917 జూన్ 13వ తేదీన జర్మను విమానములు పట్టపగలు చేసిన దాడిలో పాప్లర్ నందలి అప్పర్ నార్త్ స్ట్రీట్ పాఠశాలపై బాంబు పడి 18 మంది బాలబాలికలు మరణించిరి. వారిలో అధికులు అయిదేండ్ల ప్రాయము వారు. మఱుసటి యేటి ఇన్‌ఫ్లుయెంజా బ్రిటనులో రెండు లక్షలకు పైగా ప్రాణములను గొనెను. బాంబు పడిన బడికి స్మారకము వెలసెను. ఇన్‌ఫ్లుయెంజా మృతులకు చిరకాలము స్మారకమే లేదు.

6. రెండవ ప్రపంచయుద్ధము

ఈ యుద్ధమున అంకెల పోకడ మఱింత స్పష్టము. ఇంగ్లండు, వేల్సులలో 1939లో శిశుమరణ ప్రమాణము 51, 1940లో 57, 1941లో 60, 1942లో 51, 1943లో 49, 1944లో 45. అనగా మొదటి రెండేండ్లు పెరిగి, పిదప యుద్ధపూర్వపు స్థితికంటెను దిగెను.

పెరుగుటకు హేతువు లేమి? 1940 సెప్టెంబరు 7వ తేదీన రేవులపై ఆరంభమైన బాంబుదాడి 1941 మే వఱకు సాగెను. స్టెప్నీ, పాప్లర్, బెత్నల్ గ్రీన్ బరోలు మొదటి రాత్రినుండియు దెబ్బతినెను. అయినను శిశుమరణ ప్రమాణమును పెంచినది ప్రధానముగా బాంబు కాదు. తీవ్రమైన శీతకాలములు, పగిలిన కిటికీలు, బొగ్గు కొఱత, చలిలో రాత్రుల తరబడి ఆశ్రయములలో పడియుండుట వలన శ్వాసనాళపు వాపు, ఊపిరితిత్తుల వాపు ప్రబలెను. నగరమునుండి పల్లెకు, పల్లెనుండి నగరమునకు జరిగిన రాకపోకల వెంట తట్టు, కోరింత దగ్గు సాగిపోయెను. స్టెప్నీలోని టిల్బరీ ఆశ్రయమను రైల్వే గిడ్డంగిలో కొన్ని రాత్రులలో పదివేలకు పైగా జనము తలదాచుకొనిరి. అచ్చట మరుగుదొడ్లు నామమాత్రము. ఇట్టి చోట్ల విషజ్వరములు చెలరేగునని అధికారులు భయపడిరి. 1940లోనే లార్డు హార్డర్ అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడెను. భయపడినంత మహామారి రాలేదు. కాని క్షయ మరణములు 1940, 1941లలో పెరిగినవి.

తగ్గుటకు హేతువులు ప్రణాళికలో కలవు. 1940 జనవరిలో ఆహారపు పంపిణీకి పరిమితి విధించిరి. అదే యేడు జూలైలో జాతీయ పాల పథకము వచ్చెను. ప్రతి గర్భిణికిని, అయిదేండ్లలోపు ప్రతి బిడ్డకును దినమునకు ఒక పైంటు పాలు తగ్గించిన వెలకు, నిరుపేదలకు ఉచితముగా లభించెను. 1941 చివర చేపనూనెయు, పండ్లరసమును పంచుట మొదలిడిరి. కంఠసర్పి వ్యాధికి టీకాలు వేయుట 1940 చివరనుండి దేశవ్యాప్తమయ్యెను. 1940లో ఇంగ్లండు, వేల్సులలో కంఠసర్పి 46,281 మందికి సోకి 2,480 మందిని చంపెను; 1950లో 962 మందికి సోకి 49 మందిని మాత్రమే చంపెను. మృతజననముల ప్రమాణము వేయి జననములకు 1939లో 38 నుండి 1944లో 28కి దిగెను. ఈ చివరి అంకె మిక్కిలి ముఖ్యము. తల్లి గర్భమున నుండగానే శిశువునకు అందిన పోషణమును ఇది సూచించుచున్నది. బాంబుల నడుమ బ్రతికిన తల్లి, శాంతికాలమున నిరుద్యోగి భార్యగా తిన్న తిండికంటె మెఱుగైన తిండి తినెను.

యుద్ధకాలపు సాంఘిక విధానమునకు అధికారిక చరిత్ర వ్రాసిన రిచర్డ్ టిట్మస్ 1943లోనే ప్రకటించిన వేఱొక గ్రంథమున, శిశుమరణములలో ధనికులకును పేదలకును గల అంతరము 1911 నుండి 1931 వఱకును తగ్గలేదని చూపెను. మొత్తము ప్రమాణము దిగినను నిచ్చెనమెట్లు అట్లే యుండెనన్నమాట. అతడే 1950 నాటి గ్రంథమున, యుద్ధము మొదలై మూడేండ్లు దాటువఱకు శత్రువు చేతిలో మరణించిన సైనికులకంటె స్త్రీలు, పిల్లలే అధికులని గుర్తించెను. ఒకవంక శత్రువు పిల్లలను చంపుచుండగా వేఱొకవంక పాలు పిల్లలను బ్రతికించుచుండెను. ఈ రెండును ఒకే లెక్కపుస్తకమున చేరినవి.

7. కారణములో పొరలు : ఒక మెట్లదారి

కారణమను మాటలోని పొరలను తెలిసికొనుటకు బెత్నల్ గ్రీన్ ఉదంతము చాలును. 1943 మార్చి 3వ తేదీ రాత్రి ప్రమాద సూచిక మ్రోగగా జనులు భూగర్భ రైల్వే స్టేషనులోని ఆశ్రయమునకు పోవుచుండిరి. సమీపపు విక్టోరియా పార్కునుండి క్రొత్తరకపు విమానవిధ్వంసక రాకెట్లు పెద్ద ధ్వనితో పేలెను. జనము త్రోసికొని దిగిరి. మెట్ల అడుగున ఒక స్త్రీ తొట్రుపడెను. క్షణములలో ఒకరిపై నొకరు పడి 173 మంది మరణించిరి. వారిలో 62 మంది పిల్లలు. ఆ రాత్రి అచ్చట ఒక్క బాంబును పడలేదు.

వారి మరణకారణమేమి? వైద్యునికి అది ఊపిరాడకపోవుట. దానికి వెనుక తొక్కిసలాట. దానికి వెనుక దీపము సరిగ లేని, నడుమ పట్టుకొనుటకు ఊచ లేని మెట్లదారి. దానికి వెనుక, ఆ ద్వారమును పటిష్ఠము చేయుటకు బరో 1941లో కోరిన అనుమతిని పైయధికారులు నిరాకరించుట. అన్నిటికి వెనుక యుద్ధము. 1927 నుండి ఇంగ్లండు మరణపత్రము తక్షణ కారణమును, దానికి దారితీసిన పూర్వకారణమును వేఱువేఱు పంక్తులలో వ్రాయుమని అడిగెను. 1948 నుండి ఇదియే ప్రపంచారోగ్య సంస్థ పద్ధతియు నయ్యెను. ఇది ఫార్ వాదమునకు లభించిన విజయమని చెప్పవచ్చును. అయినను ఆ పత్రమున శరీరములోని కారణములకే చోటు గలదు. మెట్లకు లేదు, ఉత్తరువునకు లేదు.

8. రెండు ప్రతికూల సాక్ష్యములు

యుద్ధము శిశువులకు మేలుచేయునని పై అంకెలనుండి ఎవరైనను గ్రహించినచో అది పెద్ద పొరపాటు. మేలుచేసినది యుద్ధము కాదు, యుద్ధభయముచే ప్రభుత్వము చేసిన పంపిణీ. పంపిణీ లేనిచోట, లేదా పంపిణీయే ఆయుధమైనచోట జరిగినదేమో రెండు నగరములు చెప్పుచున్నవి.

వార్సాలో 1940 నవంబరున జర్మను అధికారులు యూదులను ఒక పేటలో గోడకట్టి బంధించిరి. నాలుగు లక్షలకు పైగా జనము మూడు చదరపు మైళ్లలో సగమునకైనను చాలని చోట క్రిక్కిఱిసిరి. 1942 మధ్య నాటికి సుమారు 83,000 మంది ఆకలిచేతను, వ్యాధులచేతను మరణించిరి. అచ్చటి యూదు వైద్యులు తామును ఆకలితో నుండియే ఆకలిని శాస్త్రీయముగా పరిశోధించిరి. 1942 జూలైలో ట్రెబ్లింకా సంహారశిబిరమునకు తరలింపులు ఆరంభమగుటచే ఆ పని ఆగిపోయెను. వారిలో అధికులు హతులయ్యిరి. రహస్యముగా దాటింపబడిన వ్రాతప్రతి 1946లో అచ్చయ్యెను. ‘దౌర్బల్యము’ అను మాటను తొలగించి ‘ఆకలి’ అను మాటను పత్రముపై నిలిపిన వైద్యులు వారు.

రెండవది కలకత్తా. 1943లో, స్టెప్నీ గర్భిణికి పాలు చేరుచున్న సమయముననే, అదే సామ్రాజ్యమున, వంగదేశపు పల్లెలనుండి తరలివచ్చిన నిరుపేదలు కలకత్తా కాలిబాటలపై పడి మరణించుచుండిరి. 1945 నాటి విచారణ సంఘము మొత్తము మృతులు 15 లక్షలని అంచనా వేసెను. తరువాతి పరిశోధకులలో కొందఱు 30 లక్షల వఱకు చెప్పిరి. ప్రభుత్వము క్షామచట్టము ననుసరించి క్షామమును ప్రకటింపలేదు. వీథులనుండి ఎత్తబడినవారిని ‘రోగగ్రస్తులైన అనాథలు’ అనిరి. మరణములలో పెక్కు చలిజ్వరము, కలరా, మసూచికము పేరిట నమోదయ్యెను. చాడ్విక్ వాదము నూఱేండ్ల తరువాత వంగదేశమున ఆచరణకు వచ్చెననుట అతిశయోక్తి కాదు.

9. తెలుగు మాటలు

ఆంధ్రదేశమునకు ఈ యుద్ధము దూరపు వార్త మాత్రమే కాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. అయితే నాటి జిల్లాల మరణకారణములను తెలిసికొనగోరు పరిశోధకునకు ఎదురగు మొదటి అడ్డంకి బాంబు కాదు, ‘జ్వరము’ అను మాట. మదరాసు రాజధానిలో గ్రామాధికారులు వ్రాసిన మరణముల పట్టికలలోను, భారతదేశపు తక్కిన ప్రాంతముల పట్టికలలోను, ‘జ్వరములు’ అను ఒక్క గదిలో అత్యధిక మరణములు చేరెడివి. చలిజ్వరము, సన్నిపాతము, క్షయ, బాలింత జ్వరము, తుదకు ఆకలియు ఆ గదిలోనే నిదురించుచున్నవి.

తల్లుల నోట పేర్లు ఇంతకంటె సూక్ష్మములు. తట్టు, కోరింత దగ్గు, ధనుర్వాతము స్పష్టమైన మాటలు. వానికి సరియైన వ్యాధిని వైద్యుడు వెంటనే గుర్తింపగలడు. ‘బాలగ్రహము’, ‘పక్షిదోషము’ అనునవి దేవతా భూతముల నమ్మకమునకు చెందినవిగా కనిపించినను, వాని వెనుక మూర్ఛ, కృశించుట వంటి లక్షణములు కలవు. ‘అమ్మవారు పోసినది’ అనుటలో భక్తియు భయమును కలిసియున్నవి. ఇంగ్లీషు వైద్యుని ‘దౌర్బల్యము’ శాస్త్రపు దుస్తులు ధరించియు ఏమియు చెప్పదు. తెలుగు తల్లి ‘పక్షిదోషము’ మూఢనమ్మకపు దుస్తులు ధరించియు, బిడ్డ దినదినమును చిక్కిపోయిన సంగతిని చెప్పుచున్నది. కనుక మాట యొక్క వేషమును బట్టి దాని విలువను నిర్ణయింపరాదు.

ఇది గతించిన చర్చ కాదు. 2020లో భారతదేశమున నమోదైన మరణములలో వైద్యుడు కారణమును ధ్రువీకరించినవి నాలుగవ వంతుకంటె తక్కువ. మిగిలిన వానిని తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు మౌఖిక విచారణ పద్ధతిని అవలంబించిరి. 2001 తరువాత పది లక్షల మరణములను లక్ష్యముగా గొని సాగిన మహాపరిశోధనలో, సిబ్బంది మృతుల యిండ్లకు పోయి, బంధువులు చెప్పిన కథనమును వారి ప్రాంతీయ భాషలోనే వ్రాసికొనిరి. ఆ కథనమును చదివి వైద్యులు కారణమును నిర్ణయించిరి. అనగా ఒక తెలుగు తల్లి తన బిడ్డ మరణమును గూర్చి పలికిన మాట, సరిగా గ్రహింపబడినచో, దేశపు ఆరోగ్యవిధానమునకు ఆధారమగును. తప్పుగా గ్రహింపబడినచో మఱొక బిడ్డకు చికిత్స అందకపోవును.

10. ఉపసంహారము

తూర్పు లండను చరిత్రనుండి మేము గ్రహించిన విషయములు మూడు. శిశుమరణ ప్రమాణము ఒక సమాజము తన బలహీనులకు ఆహారమును ఎట్లు పంచుచున్నదో తెలుపు కొలబద్ద. బాంబుల నడుమను అది మెఱుగుపడవచ్చును, శాంతికాలమునను క్షీణింపవచ్చును. చిన్న విభాగపు లెక్కలను జనుల రాకపోకలతో కలిపి చదువవలెనే కాని విడదీసి చదువరాదు. మరణకారణమను పేరు నిష్పక్షపాతమైన మాట కాదు. అది కొన్ని కారణములను చూపి కొన్నింటిని దాచును.

ఈ మూడవ విషయమే భాషాపండితులకు కర్తవ్యమును నిర్దేశించుచున్నది. తెలుగునాట మండలమండలమునను వ్యాధులకును, శిశువుల యస్వస్థతలకును గల పేర్లను, వానితో తల్లులు సూచించు లక్షణములతో సహా సేకరించి, వైద్యుల సాహాయ్యముతో ఒక నిఘంటువును కూర్చుట మిక్కిలి అవసరము. మాండలిక వృత్తిపదకోశములు మనకు మార్గము చూపినవి; వ్యవసాయము, చేనేత మున్నగు వృత్తులకు జరిగిన కృషి వ్యాధినామములకును జరుగవలెను. వృద్ధస్త్రీల నోటనున్న ఈ మాటలు వారితోనే అంతరించుచున్నవి. ఆ మాటలు పోయినచో, పూర్వతరముల బిడ్డలు ఏల మరణించిరో చెప్పగల చివరి సాక్ష్యమును పోవును. ఇందులకు యువ పరిశోధకులు పూనుకొందురని ఆశించుచున్నాము.